చలిదేశ యాత్రకు ఉన్ని మేజోళ్ళు



నేటి నా ప్రసంగమునకు విషయము కాలి మేజోళ్ళు. ముప్పది యేండ్లు బడిలో వ్యాకరణమును, కావ్యములను చెప్పినవాడు మేజోళ్ళను గూర్చి ప్రసంగించుట యేమని కొందఱు నవ్వుకొనవచ్చును. మన యెండదేశమున మేజోడు నిత్యావసర వస్తువు కాదు. పుష్యమాసపు తెల్లవారుజామున గొంగళి కప్పుకొని అరుగుమీద కూర్చుండిన చలి తీఱును. సూర్యుడు తాటిచెట్టెత్తు వచ్చుసరికి ఆ గొంగళియు దండెముమీదికి పోవును. కాని నేడు మన పెద్దలు వైశాఖమునందును, ఆశ్వయుజమునందును బదరీ కేదారములకు పోవుచున్నారు. మాఘమున కాశీ ప్రయాగలకు పోవుచున్నారు. కొడుకులును కూతుండ్రును ఉద్యోగములు చేయుచున్న అమెరికా, కెనడా దేశములకు మనుమలను చూడబోయి, అచటి మంచుకాలమును గడుపుచున్నారు. ప్రయాణమునకు ముందు శాలువ ఎట్టిది కొనవలెను, స్వెట్టరు ఎట్టిది కొనవలెను అని పదిమంది నడుగుదురు. మేజోళ్ళను మాత్రము కడపటి దినమున, ఎదుట కనబడిన దుకాణములో, చేతికందినవి కొందురు. నేనును అట్లే కొంటిని. దాని ఫలమును అనుభవించినవాడు నేను కాను, నా మిత్రుడు. ఈ ప్రసంగమునకు కారణమదియే.

2016వ సంవత్సరము అక్టోబరు మాసమున, బడికి దసరా సెలవులు వచ్చినప్పుడు, మా గ్రామమునుండి పండ్రెండుగురము బదరీనారాయణుని దర్శనమునకు బయలుదేఱితిమి. కావలసిన వస్తువులను సమకూర్చు భారము నాది. పట్టణములో ఒక దుకాణమునకు పోయి, ఉన్నివి కావలెనని యడిగి, దళసరిగాను చేతికి మెత్తగాను ఉన్న మేజోళ్ళను పండ్రెండు జతలు కొంటిని. అవి ఉన్నివి కావని నాకు తెలియదు. తెలిసికొనుటకు నేను ప్రయత్నింపనులేదు. బదరిలో ఆలయమునకు దిగువను తప్తకుండమను వేడినీటి గుండము కలదు. యాత్రికులు అందు స్నానము చేసి స్వామిని దర్శింతురు. మాతో వచ్చిన ఒక రైతు, డెబ్బదికి చేరువైనవాడు, స్నానము చేసి పాదములు తుడుచుకొనకయే మేజోళ్ళు తొడిగికొని, వానితోనే తడిరాతి మెట్లెక్కి వరుసలో నిలిచెను. దర్శనమైన పిదప ఆ తడి మేజోళ్ళమీదనే ఇఱుకైన గుడ్డబూట్లు తొడిగి సాయంకాలమువఱకు తిరిగెను. అతనికి చిరకాలమునుండి మధుమేహము కలదు. పాదములలో స్పర్శ తగ్గియుండెను. మేజోడు కొనయందలి కుట్టు చిటికెనవ్రేలిని ఒఱసి పొక్కించినను నొప్పి తెలియలేదు. మూడవనాడు హరిద్వారమున మేజోడు విప్పి చూచునప్పటికి వ్రేలు నల్లబడియుండెను. ఇంటికి చేరిన నెలలోపల వైద్యులు ఆ వ్రేలిని తొలగింపవలసివచ్చెను. అతడు నన్నొక్క మాటయు అనలేదు. కాని ఆ జతను కొన్నవాడను నేను. నాటినుండి తెలిసినవారి నడిగియు, చదివియు, స్వయముగా తొడిగి చూచియు నేర్చుకొన్న సంగతులను మీకు విన్నవించెదను.

మొదట పాదములకే చలి యేల యెక్కువగా సోకునో తెలిసికొందము. శరీరమునకు చలి తగిలినప్పుడు గుండె, ఊపిరితిత్తులు, కాలేయము మొదలగు ముఖ్యాంగముల వేడిని కాపాడుటకై చర్మమునందలి సన్నని రక్తనాళములు ముడుచుకొనును. పంట కాలువలో నీరు తగ్గినప్పుడు మొదటి పొలములకే పాఱించి చివరి మడిని ఎండగట్టినట్లు, శరీరము కాలివ్రేళ్ళకును చేతివ్రేళ్ళకును రక్తమును తగ్గించును. వయసు మీఱినవారిలో ఆ చివరి కాలువ స్వభావముచేతనే సన్నబడియుండును. చుట్టయు బీడియు త్రాగువారిలో, పొగాకునందలి నికోటిను రక్తనాళములను మఱింత ముడుచును. కావున చలి తగ్గుటకని చుట్ట ముట్టించువాడు తన పాదములకు వచ్చు వేడిని తానే ఆపుకొనుచున్నాడని గ్రహింపవలెను.

ఇక మేజోడు చేయు పని యేమి? మేజోడు వేడిని పుట్టింపదు. వేడి మన రక్తమునుండియే రావలెను. ఆ వచ్చిన వేడిని బయటికి పోనీయక నిలుపుటయే మేజోడు పని. నిలుపునది నూలు కాదు, నూలుపోగుల నడుమ చిక్కుకొన్న గాలి. కదలని గాలి వేడిని మిక్కిలి మెల్లగా పోనిచ్చును. చలికాలపు ఉదయమున కోడి ఈకలు విప్పి ఉబ్బి కూర్చుండుట మీరు చూచియే యుందురు. అది తన ఈకల నడుమ గాలిని నిలుపుకొనుచున్నది. కాని ఆ గాలియున్న చోటికి నీరు వచ్చెనా, అంతయు తలక్రిందగును. నీరు నిలిచిన గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా వేడిని లాగివేయును. కావున వెచ్చని మేజోడనగా పాదముచుట్టును కదలని పొడిగాలిని నిలుపగల మేజోడు. ఈ యొక్క మాటను జ్ఞాపకముంచుకొన్న, ఇకమీద నేను చెప్పబోవు దానిలో సగము మీకు మీరే ఊహింపగలరు.

ఆ పనికి గొఱ్ఱెబొచ్చు తగినంతగా మఱి యేదియు తగదు. మన ఉన్ని అను మాటయు సంస్కృతపు ఊర్ణ అను మాటనుండి వచ్చినదే. అమరకోశమున ఊర్ణ యనగా గొఱ్ఱె మొదలగువాని రోమమని యొక యర్థము చెప్పబడినది. సాలెపురుగునకు ఊర్ణనాభమని పేరు వచ్చినదియు దీనినుండియే. ఉన్నిపోగును భూతద్దముతో చూచిన, అది నిలువుగా నుండక అలలు అలలుగా వంకరలు తిరిగియుండును. అట్టి పోగులు ఒకదానిమీద నొకటి అణగిపడక, గడ్డివామిలోని పరకలవలె నడుమ నడుమ ఖాళీలు వదలును. ఆ ఖాళీలలో గాలి నిలుచును. పిడికిట పట్టి నొక్కి వదలిన ఉన్ని మరల ఉబ్బును. నొక్కబడిన ప్రత్తినూలు అట్లు లేవదు.

ఉన్నికి మఱియొక గుణము కలదు. అది మన గోళ్ళవలెను వెండ్రుకలవలెను కెరటిను అను మాంసకృత్తుతో ఏర్పడినది. దాని పైపొర నీటిబొట్టును వెంటనే పీల్చక జాఱవిడుచును. లోపలి భాగము మాత్రము చెమట ఆవిరిని పీల్చుకొనును. తన బరువులో మూడవవంతుకు దగ్గఱగా తేమను లోపల దాచుకొనియు చర్మమునకు తడిగా తోపదు. అంతేకాదు, పొడి ఉన్ని తేమను పీల్చునప్పుడు కొంచెము వేడిని వెలువరించును. ప్రత్తి అట్లు కాదు. ఎండదేశములో ప్రత్తికి సాటి లేదు. చెమటను పీల్చి, అది ఆఱునప్పుడు ఒంటికి చల్లదనమిచ్చును. వేసవిలో మనకు మేలుచేయు ఆ గుణమే చలిలో కీడుచేయును. తడిసిన ప్రత్తిమేజోడు అణగిపోయి, చర్మమునకు అంటుకొని, పాదమును గంటల తరబడి చల్లార్చుచుండును.

మూడవది ఆక్రిలిక్ అను కృత్రిమపు నూలు. ఇది రసాయన ద్రవ్యములనుండి తీయబడి, చూపునకును చేతికిని ఉన్నివలెనే యుండునట్లు చేయబడినది. అంగళ్ళలో ఉన్ని స్వెట్టరు, ఉన్ని టోపీ అని మనము పిలుచువానిలో పెక్కు ఇట్టి నూలుతో చేసినవే. అది మోసమని నేననను. అది వెలకు తక్కువ, ఉదుకుటకు సులభము, మన యూళ్ళ చలికి చాలును. కాని అది తేమను తనలోనికి పీల్చుకొనజాలదు. పాదమునకు పట్టిన చెమట పాదముమీదనే నిలుచును. పొడి చోట కూర్చుండువానికి దానితో జరుగునుగాని, చలిలో గంటల తరబడి నడచువానికిని, స్నానఘట్టములో తడియువానికిని అది చాలదు. నేను కొన్న పండ్రెండు జతలును అట్టివే.

ఉన్ని మంచిదనగానే మన గొల్లల మందలలోని ఉన్నితో అల్లింపవచ్చును గదా యని మీరడుగుదురు. మన దక్కను గొఱ్ఱెల ఉన్ని గొంగళికి పుట్టినది. కురుమలు వడికి, పడుగునకు చింతగింజల గంజి పెట్టి నేసిన గొంగళి వానకును చలికిని ఆగును. ఏండ్ల తరబడి మన్నును. కాని ఆ పోగు ముతక. ఉన్నిపోగు మందమును మైక్రాను అను కొలతతో కొలుతురు. మీటరులో పదిలక్షలవ వంతు ఒక మైక్రాను. సుమారు 30 మైక్రానులు దాటిన పోగుల కొనలు చర్మమును గుచ్చి దురద పుట్టించును. మన ముతక ఉన్ని ఆ హద్దును మించును. గొంగళి కింద పంచె యుండును గనుక బాధలేదు. పాదమును అంటియుండు మేజోడునకు అది పనికిరాదు. స్పెయినుదేశమునుండి వ్యాపించి, ఆస్ట్రేలియాలో నేడు విస్తారముగా పెంచబడు మెరినో జాతి గొఱ్ఱెల ఉన్ని 24 మైక్రానులకు లోబడియుండును. అది గుచ్చదు. ఉన్ని తొడిగిన ఒడలు దురద పెట్టునని చెప్పువారు తఱచుగా ముతక ఉన్నిని మాత్రమే ఎఱిగినవారు. ఇక కాశ్మీరదేశపు శాలువలకు వాడు పష్మీనా మేకనూగు మెరినోకంటెను సన్ననిది. భుజముమీదికి తగినది గాని మడమకింద నలుగుటకు తగినది కాదు. వెల యెక్కువగుటచేత ప్రతి చోటికిని అదియే మేలని తలచుట పొరపాటు.

వెచ్చదనమును గూర్చి యింతవఱకు చెప్పితిని. ఇక మన్నికను గూర్చి. నూటికి నూఱుపాళ్ళు ఉన్నితో చేసిన మేజోడు మంచిదనుకొందురు. శాలువ విషయమున అది సరియే. మేజోడు మాత్రము అడుగడుగునకు బూటులోపల ఒఱసికొనుచుండును. ఒట్టి ఉన్ని మడమవద్దను, బొటనవ్రేలివద్దను త్వరగా అరిగి చిల్లులు పడును. అందుచేత నైలాను కలుపుదురు. 1938లో లోకమునకు తెలుపబడిన ఈ కృత్రిమపు నూలు సన్ననిదయ్యు ఒఱపిడికి మిక్కిలి ఓర్చును. నూటికి 60 మొదలు 80 పాళ్ళు ఉన్ని, 15 మొదలు 35 పాళ్ళు నైలాను, సాగుటకై రెండు మూడు పాళ్ళు రబ్బరువంటి నూలు కలిసినది యాత్రకు యోగ్యము. ఉన్ని సగమునకు తగ్గిన, దానిని ఉన్ని మేజోడని పిలువకుండుటయే మేలు.

ఈ పాళ్ళను కనుగొనుట యెట్లు? మంచి సరకునకు చుట్టిన కాగితముమీద ఏ నూలు ఎన్ని పాళ్ళో వ్రాయబడియుండును. అది ఇంగ్లీషున నుండును గనుక బడిపిల్లవానిచేతనైనను చదివించుకొనవలెను. చలికాలమునకు, వెచ్చనిది, మెత్తనిది అను మాటలు పాళ్ళు కావు. అంకె లేని మాటకు విలువ లేదు. కాగితములేని సరకునకు మన బంగారపు గీటురాయివంటి పరీక్ష యొకటి కలదు. కొన్న తరువాత, మేజోడు లోపలివైపున వ్రేలాడు పోగును కొంచెము కత్తిరించి, పట్టుకారుతో పట్టుకొని, పళ్ళెముమీదుగా దీపమునకు చూపవలెను. ఉన్ని అయిన, మంటనుండి ముడుచుకొనుచు మెల్లగా కాలి, దీపము తీయగనే ఆఱిపోవును. వెండ్రుక కాలిన వాసన వచ్చును. మిగిలిన నల్లని బూడిద వ్రేళ్ళ నడుమ పొడియగును. ప్రత్తి అయిన, కాగితమువలె గబగబ మండి, కాగితము కాలిన వాసనతో తెల్లబూడిద యగును. ఆక్రిలిక్ అయిన, కరగి, నల్లని పొగ విడుచుచు మండి, ఆఱిన పిదప గట్టి నల్లపూసగా మిగులును. ఉన్నియు నైలానును కలిసిన పోగులో వెండ్రుక వాసనయు వచ్చును, చిన్న పూసయు కనబడును. ఒక జత కొని, పరీక్షించి, తక్కిన జతలను పిమ్మట కొనుట బుద్ధిమంతుల పద్ధతి. నేను పండ్రెండు జతలను ఒక్కసారి కొంటిని.

నూలు మంచిదైనను అల్లిక చెడ్డదైన ఫలములేదు. మేజోడు నేసిన వస్త్రము కాదు, అల్లినది. ఉచ్చులో ఉచ్చు వేసికొనుచు పోవుటచేత అది సాగును, పాదమునకు అమరును. పూర్వము దీనిని సూదులతో చేతనే అల్లెడివారు. 1589వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున విలియం లీ యనువాడు మేజోళ్ళ నల్లు యంత్రమును మొదట కల్పించెను. కొనునప్పుడు మేజోడును లోపలివైపు పైకి తిప్పి చూడవలెను. అడుగుభాగమున తువాలువలె చిన్న చిన్న ఉచ్చులు నిలిచియున్న మంచిది. అవియే గాలిని నిలుపును, రాతి దెబ్బను తగ్గించును. మడమయు కొనయు తక్కిన భాగముకంటె చిక్కగా నుండవలెను. వెలుతురునకెత్తి చూచిన అచట వెలుగు తక్కువగా రావలెను. వ్రేళ్ళమీది కుట్టును వ్రేలితో తడవవలెను. అది త్రాడువలె తగిలిన, ఆ జతను అచటనే వదలివేయవలెను. నా మిత్రుని వ్రేలిని పోగొట్టినది అట్టి కుట్టే.

పై అంచు పిక్కను పట్టియుండవలెను గాని బిగింపగూడదు. సాయంకాలము మేజోడు విప్పినప్పుడు కాలిచుట్టు గాజు తొడిగినట్లు లోతుగా గుర్తు పడిన, ఆ అంచు రక్తమును అడ్డుచున్నదని అర్థము. బూటు విషయమును ఇట్టిదే. చలి యెక్కువగానున్నదని రెండు జతలు తొడిగి, పాత బూటులో బలవంతముగా కాలు దూర్చువారు కలరు. అందుచేత రెండు నష్టములు: పాదము నొక్కుకొని రక్తము తగ్గును, ఉన్ని అణగి దానిలోని గాలియు పోవును. ఇఱుకు బూటులో రెండు జతలకంటె వదులు బూటులో ఒక జత వెచ్చన. కావున బూటును దళసరి మేజోడు తొడిగియే, సాయంకాలమున పాదము కొంచెము ఉబ్బియున్న వేళ కొనవలెను. లోపల వ్రేళ్ళు విరివిగా కదలవలెను.

మనవారిలో పెక్కుమంది చెప్పులుతప్ప బూట్లెఱుగరు. వారికి బొటనవ్రేలు విడిగానుండు మేజోళ్ళు దొరకును. ఇది నేటి నాగరకతయని యనుకొనకుడు. ఈజిప్టుదేశమున దొరకిన, సుమారు 1,600 సంవత్సరములకు పూర్వపు ఎఱ్ఱ ఉన్ని మేజోళ్ళ జత యొకటి లండనునగరపు విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో కలదు. అవి బొటనవ్రేలు విడిగా, చెప్పు తొడుగుటకు వీలుగా అల్లబడినవి. వృద్ధాప్యమున అలవాటులేని బూటు తొడిగి కాలు బొబ్బలెక్కించుకొనుటకంటె, చదునైన దారిని, పొడిదినమున, అట్టి మేజోడుతో పాత చెప్పు తొడుగుట మేలు. మంచులోను, వానలోను మాత్రము మూసిన బూటే కావలెను.

యాత్రలో వాడు విధము వినుడు. ఎత్తునకు పోయినకొలది ప్రతి 1,000 మీటరులకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుచుండును. బదరి 3,100 మీటరులకును, కేదారము 3,500 మీటరులకును పైబడిన యెత్తున నున్నవి. క్రింద హరిద్వారమున ఉక్కపోయుచున్నను పైన వడకు పుట్టును. కాశిలో జనవరిమాసపు రాత్రులు తఱచుగా 10 డిగ్రీలకు లోబడును. ఆ వేళకు గంగాస్నానమునకు మెట్లు దిగుదురు. కావున మనిషికి మూడు జతలు కావలెను: కాళ్ళకొకటి, ఆఱుచున్నదొకటి, సంచిలో పొడిగా నున్నదొకటి. ఈ మూడవదానిని తడియని సంచిలో కట్టి స్నానఘట్టమునకు వెంట తీసికొని పోవలెను. స్నానమైన పిమ్మట వ్రేళ్ళ సందులతోసహా పొడిగుడ్డతో తుడిచి, రెండు నిమిషములు ఆఱనిచ్చి తొడుగవలెను. రాత్రి పరుండునప్పుడు పగటి మేజోడు తీసివేసి పొడిది తొడుగవలెను. ఒకనాడు తొడిగినదానిని మఱునాడు గాలికి వ్రేలాడదీసిన, ఉన్ని తన తేమను విడిచి మరల ఉబ్బును. అందుచేత మన్నికయు హెచ్చును.

మధుమేహము గలవారికి ప్రత్యేకముగా చెప్పవలసిన మాటలు కలవు. మీ పాదములు చెప్పవు, మీరే చూడవలెను. ప్రతి సాయంకాలమును మేజోళ్ళు విప్పి, దీపపు వెలుతురున అరికాలును, వ్రేళ్ళ సందులను చూడుడు. వంగలేనివారు అద్దము నేలమీద పెట్టియైనను, ఇంటివారిచేతనైనను చూపించుకొనుడు. మేజోళ్ళు తెల్లనివో లేతరంగువో కొనుడు. రక్తపుబొట్టుగాని చీముగాని అంటిన, నల్ల మేజోడు దాచును, తెల్లది చూపును. కాళ్ళు చల్లబడినవని కుంపటి దగ్గఱ చాపకుడు, వేడినీటి సంచిమీద పెట్టకుడు, కాగిన నీళ్ళలో ముంచకుడు. స్పర్శలేని చర్మము కాలుచున్నను తెలియదు. పొడి ఉన్నియు, కప్పుకొన్న కంబళియు చాలును. పాదము పాలిపోయి మొద్దుబాఱిన యెడల మంచుతోగాని చేతితోగాని రుద్దకుడు. తడి మేజోడు తీసి, పొడిగా చుట్టి, వైద్యుని యొద్దకు పొండు. పొక్కు కనబడిన దినముననే చూపించుడు. ఊరికి పోయిన తరువాత చూపింతమనుకొనకుడు.

ఇక ఉదుకు విధము. ఉన్నిపోగుమీద చేపపొలుసులవంటి సన్నని పొలుసులు కలవు. వేడినీటిలో వేసి బండమీద బాదిన, ఆ పొలుసులు ఒకదానిలో నొకటి చిక్కుకొని, మేజోడు కుంచించుకొని, పసిపిల్లవాని కాలికి చాలునంత యగును, మరల సాగదు. గోరువెచ్చని నీటిలో మెల్లగా పిసికి, పిండక అదిమి నీరు తీసి, నీడను చదునుగా పఱచి ఆఱవేయవలెను. చాకలిసోడా తగులనీయరాదు, అట్టి క్షారము ఉన్నిలోని మాంసకృత్తును తినివేయును. కుంకుడుకాయ రసము ఉన్నికి మిక్కిలి మేలు. మనుస్మృతి పంచమాధ్యాయమున ద్రవ్యశుద్ధిని చెప్పుచోట పట్టును ఉన్నిని చవుటిమంటితోను, కొండమేకల రోమపు కంబళ్ళను కుంకుళ్ళతోను శుద్ధిచేయవలెనని విధింపబడినది. చవుటిమన్ను క్షారము గనుక నేటి మేజోళ్ళకు దానిని నేను చెప్పను. కుంకుడు విషయమున మాత్రము ఆ పూర్వపు విధి నేటికిని నిలిచియున్నది.

యాత్ర ముగిసినపిదప మురికితో దాచిన జతను చిమ్మటలు పట్టును. వాని పిల్లపురుగులకు ఉన్నియే ఆహారము. చెమట మురికి అంటిన ఉన్ని మఱింత ప్రియము. ఉదికి, పూర్తిగా ఆఱిన తరువాత, మూత గట్టిగానున్న డబ్బాలో పెట్టి, నెలకొకసారి తీసి, దులిపి, ఎండకు చూపవలెను. మడమవద్ద పోగు పలుచబడగనే రఫ్ఫు చేయించిన ఆ జత మఱి కొంతకాలము మన్నును. చిల్లి పడువఱకు ఆగిన, వేసిన కుట్టే కాలికి ముల్లగును. కాలిగోళ్ళను తీసికొనకుండుటచేతను ఎన్నియో మంచి మేజోళ్ళు చిఱుగుచున్నవి.

నాకొసగిన కాలము ముగియుచున్నది. నా మిత్రుని వ్రేలు పోవుటకు కారణము నూలు ఒక్కటియే కాదు. తడి యొకటి, ఇఱుకు ఒకటి, చూడకపోవుట యొకటి. మంచి ఉన్ని తడిని కొంత ఓర్చెడిది. తక్కిన రెండును మన చేతిలోనివి. గత మాఘమాసమున అతడు కాశికి ప్రయాణమై, కొనివచ్చిన క్రొత్త జతను నా యింటికి తెచ్చి, లోపలివైపు తిప్పి నా చేతిలో పెట్టి, "పంతులుగారూ, ఒక పోగు కాల్చి చూడండి" అనెను. మా యింటిలో దీపము తెచ్చి, పోగు కత్తిరించి, పళ్ళెముమీదుగా చూపితిని. వెండ్రుక కాలిన వాసన వచ్చెను. ఇద్దఱమును ఆ బూడిదను వ్రేళ్ళతో నలిపి చూచుకొంటిమి. పిమ్మట అతడు జతను సంచిలో పెట్టుకొని పోయెను.

మీరును ప్రయాణమునకు ముందు అట్లు చూచుకొందురుగాక.